మూడో ఆయుధానికి జాగా

ముందే చెప్తున్నాను... ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. నా చేతిరాత నాకే అర్థం కాదు. మనవరాలు ఫోన్లో రాయడం నేర్పితే ఒక్క వేలితో కొడుతున్నాను. అక్షరాలు తప్పు పోతే మన్నించాలి.

మా చిన్నప్పుడు... గొర్రెల వెంట పోయేటప్పుడు మా నాయిన ఒక్కటే మాట చెప్పేవాడు. చేతులు రెండు, వస్తువులు కూడా రెండే. పాము కోసం చేతిలో కట్టె. తోడేలు కోసం నడుముకు ఒడిసెల... అందులో రాయి పెట్టి గిరగిరా తిప్పి విసరాలి. మూడోది మోస్తే ఉరకలేవు అనేవాడు.

ఆ మాట మొన్న సెలవుల్లో గుర్తుకొచ్చింది.

మనవరాలు శ్రావణి నల్గొండలో ఇంటర్ చదువుతుంది. దాని ఫోన్లో ఒక ఆట ఉంది. భూమి పాడైపోయి మనుషులు ఇంకో గ్రహానికి పోతారు. అక్కడ ఒక సిపాయి పిల్ల. మనం గెలిచేకొద్దీ ఆ పిల్లకు బలం పెంచుకోవచ్చు. ఒక లోయ దాటాలి... దాని నిండా ఇనుప తోడేళ్ళు. ఎగిరేవాటికి తుపాకి కావాలి. మీద పడేవాటికి కత్తి. కొన్నింటికి తాబేలు లాంటి పెంకు, అది పగలాలంటే మెరుపు వదిలే గొట్టం కావాలి. సిపాయి పిల్ల వీపు మీద మాత్రం రెండు ఆయుధాలకే జాగా. ఏది వదిలేసి పోతే దానికి లొంగే రకమే వచ్చి చంపేది.

"పాయింట్లన్నీ పెడితే మూడో జాగ తెరుసుకుంటది తాతా. కని ప్రాణం తగ్గుతది. రెండు దెబ్బలకే సస్త" అంది.

"ఇప్పుడెన్ని దెబ్బలకు సస్తున్నవ్?"

"ఐదు."

"ఐదైనా సచ్చుడే గదా."

నవ్వింది. "నువ్వైతే ఏం జేస్తవ్ మరి?"

నేను ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాదు. ఆ రోజు మాత్రం చెప్పాను.

నాకు పదకొండేళ్ళు ఉంటాయేమో. పొద్దు వాలుతుంటే గుట్ట కింద ఒక గొర్రెపిల్ల ముళ్ళకంపలో చిక్కుకుంది. కంప కొట్టాలంటే గొడ్డలి ఉండాలి. అది ఇంట్లో ఉంది. కట్టె, ఒడిసెల కింద పెట్టి రెండు చేతులతో ముళ్ళు పీకుతున్నాను... తోడేలు ఎటు నుంచి వచ్చిందో చూడలేదు. ఒడిసెల అందుకునేలోపు ఇంకో పిల్లను నోట కరుచుకొని గుట్ట ఎక్కేసింది.

నాయిన కొట్టలేదు. "రేపటి సంది అన్న పోతడు మంద ఎంట. నువ్వు ఇంట్ల ఉండు" అన్నాడు. కొట్టి ఉంటే మరిచిపోయేవాణ్ణి.

మంద వెంట మళ్ళీ పోవాల్సిందే అనుకున్నాను. పాత మోట తోలు అటక మీద ఉండేది... బావి నీళ్ళు తోడి తోడి చిరిగిపోయింది. అందులోంచి ఒక పట్టీ కోసి భుజానికి వేసుకొని, వీపు మీద గొడ్డలి తగిలించుకున్నాను. మొదటిరోజు పదును లోపలికి తిరిగి భుజం కోసుకుపోయింది. పసుపు అద్దుకొని, పదునుకు తోలు తొడుగు కుట్టి మళ్ళీ కట్టుకున్నాను.

మా అవ్వ చూసింది. "కట్టుకుంటే అయిపాయెనా? దేనికేదో చెయ్యికి ఎరుకుండాలె" అంది.

వాకిట్లో కూర్చొని చాటలో జొన్నలు చెరుగుతూ తలెత్తకుండా పిలిచేది. "పాము." కట్టె ఎత్తాలి. "తోడేలు." ఒడిసెల. "కంప." గొడ్డలి. కట్టె చంకలో ఇరికించుకొని గొడ్డలి తీసేసరికి చెమటలు పట్టేవి.

"తోడేలంటే గొడ్డలి తీస్తవేందిరా... దానితోని పొయ్యిలకు కట్టెలు కొట్టిస్తవా?"

నాలుగో రోజు అవ్వ గొంతు కాకుండా వెనక నుంచి నాయిన గొంతు వినిపించింది. "కంప. తోడేలు. పాము. తోడేలు." తప్పలేదు. "ఇగ ఉరుకు" అన్నాడు. జొన్న చెలక గట్టు దాకా ఉరికి వచ్చాను. దగ్గరికి పిలిచి, వదులుగా ఉన్న పట్టీని ఇంకో ముడి బిగించాడు.

"రేపు నువ్వే పో."

అంతే అన్నాడు.

శ్రావణి అంతా విని, పాయింట్లన్నీ మూడో జాగాకే పెట్టింది. లోయలోకి పోయింది... చచ్చింది. మళ్ళీ పోయింది, మళ్ళీ చచ్చింది.

"సూసినవా తాతా. తీసేలోపే మీద పడ్తున్నయి."

"ముందు తోడేళ్ళు లేని కాడ నేర్సుకో" అన్నాను.

సిపాయి పిల్లను ఒట్టి మైదానానికి తీసుకుపోయింది. నేను పక్కన కూర్చొని పల్లికాయ ఒలుస్తూ పిలిచాను. ఎగిరేది... పెంకుది... మీద పడేది...

"ఎగిరేదానికి కత్తి తీస్తవేందే, అదేమన్న కోడా?"

రెండు రోజులు అదే పని. వాళ్ళమ్మ ఇద్దరినీ తిట్టింది. మూడో రోజు మధ్యాహ్నం లోయలోకి పోయింది. ఒక దెబ్బ తగిలింది. ఇంకొకటి తగిలితే అయిపోయినట్టే. నేను పిలవడం ఆపేశాను... దాని వేళ్ళు ఆగలేదు. లోయ దాటింది.

అరుస్తుందేమో అనుకున్నాను. ఫోన్ పక్కన పెట్టి, "గా మచ్చ యాడుందో సూపియ్ తాతా" అంది. అంగీ భుజం మీంచి జరిపి చూపించాను.

ఇప్పుడు మాకు మంద లేదు. గుట్ట సగం కంకరకు పోయింది. తోడేలును కళ్ళతో చూసి ఎన్నేళ్ళయిందో... ఫోన్లోవే మిగిలాయి.

ఆటలో ఇప్పుడు నాలుగో జాగాకు పాయింట్లు కూడబెడుతున్నాం. అందులో ఏం పెట్టాలో నన్నే చెప్పమంది. నాకు మూడింటి దాకే తెలుసు. మీలో మంద వెంట పోయినవాళ్ళుంటే చెప్పండి... నాలుగోది ఏం మోసేవారు? ఒంటి మీద ఎక్కడ కట్టుకునేవారు?

శ్రావణి ఆదివారం వస్తుంది. శనివారం లోపు జవాబు రాయండి.