మా ఇంజనీరమ్మా, అంగుళం ఎక్కువైన ఇరుసూ

మా ఆవిడని మా వీధిలో పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పెద్దాచిన్నా అందరికీ ఇంజనీరమ్మే. ఇంజనీరింగ్ చదివిందా అంటే, లేదు. పదో తరగతి అయ్యాక వాళ్ళ నాన్న టాక్సీ కింద దూరింది, ముప్ఫై అయిదేళ్ళయినా ఇంకా బయటికి రాలేదు. నేను దర్జీని. కార్ల షెడ్డు ఆవిడది, దాన్నానుకున్న గది నాది. మధ్యలో ఒక తలుపు. ఆ తలుపు మూసి ఉంచమని మొత్తుకుంటాను, ఎందుకంటే తెల్ల చొక్కా మీద గ్రీజు పడితే తిట్లు తినేది నేను. ఆవిడ మూయదు. నేను అరుస్తాను, ఆవిడ నవ్వుతుంది. మా కాపురం మొత్తం ఇంతే.

ఇప్పుడు చెప్పబోయేది మా మామగారి కారు సంగతి. దానికి యాభై ఏళ్ళు. నాకంటే అయిదేళ్ళు చిన్నది, నాకంటే చాలా బాగుంటుంది. నలభై ఏళ్ళు దాన్ని టాక్సీగా తిప్పి ఆయన సంసారం ఈదారు. మొన్న ఆదివారానికి ఆయనకి ఎనభై నిండాయి, లైసెన్సు గడువూ ఆ రోజుతోనే సరి. మళ్ళీ రాయించుకోనని ఆయనే తేల్చి చెప్పేశారు. ఒకటే కోరిక. ఆ ఆఖరి రోజున ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని నది వంతెన దాకా వెళ్ళి రావాలి.

సరిగ్గా దానికి ముందు బుధవారం పొద్దున వెనక ఇరుసు పగిలింది. వెనక చక్రాలు రెంటినీ పట్టుకుని ఉండే ఇనప దూలం అది. మా ఆవిడ కింద దూరి చూసి, బయటికొచ్చి, నేల మీద చతికిలబడింది. పని చూసి ఆవిడ అలా కూలబడటం నేనెప్పుడూ చూడలేదు.

"అతుకు వేస్తే ఆగదండీ, వేరేది వెయ్యాలి" అంది.

"అయితే వెయ్యి! దానికింత ఆలోచన ఎందుకు?"

"ఈ మోడల్ తయారవడం ఆగిపోయి ముప్ఫై ఏళ్ళయింది. తెలీకపోతే ఊరుకోండి."

గుమ్మంలో నిలబడి మామగారు అంతా విన్నారు. "పోనీలే అమ్మడూ, బస్సులో వెళ్దాం" అన్నారు. అనేసి, అటు తిరిగి కళ్ళజోడు తుడుచుకున్నారు.

"బస్సులో వెళ్ళేదానికి నన్నెందుకు కన్నావు నాన్నా?" అంటూ లేచింది మా ఆవిడ.

పాత కార్లు విడగొట్టి అమ్మే యార్డుకి ఫోన్ చేసింది. ఆ మోడల్‌ది లేదు గానీ వేరే కార్లవి పడున్నాయనీ, చివరి నుంచి చివరికి కొలత చెబితే ఆ సైజుది పంపిస్తాననీ అన్నాడు యార్డాయన. ఆవిడ చేతులు మోచేతుల దాకా గ్రీజు. "ఏమండీ, మీ టేపు పట్టుకుని రండి" అని కేకేసింది. వెళ్ళాను, కొలిచాను, చీటీ మీద రాశాను, ఫోన్‌లో చదివి వినిపించాను. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ నడుములు కొలుస్తున్నవాణ్ణి, కదలకుండా పడున్న ఇనప ముక్క నాకో లెక్కా?

గురువారం ఇరుసు వచ్చింది. కారు బరువు మోసే కమాన్లు కూర్చోడానికి పాతదాని మీద ఉన్న పీటల్లాంటివే కొత్తదాని మీదా కావాలి. వాటి కొలత తనే తీసుకుని, తనే అతికించింది. శుక్రవారమంతా బిగింపులు. శనివారం పొద్దున కారు ఇంకా స్టాండ్ల మీదే ఉండగా చక్రం చేత్తో తిప్పితే, గిర్రున తిరిగింది. నేను చప్పట్లు కొట్టాను.

"అప్పుడే కాదు. ఎత్తిపెట్టిన బండికి ఏదైనా సరిపోతుంది, మనుషులెక్కాక చూడాలి" అంది.

ఆ మాట మాత్రం నిజం. నిలబడ్డప్పుడు చక్కగా ఉన్న పంట్లాం కూర్చున్నాక ఏం చేస్తుందో నాకు తెలీనిదా!

ఇందులో ఆవిడదో పద్ధతి ఉంది. మడ్‌గార్డుల లోపలి అంచుకి దట్టంగా సుద్దముక్క రాస్తుంది. కారు దించి, మనుషుల్ని ఎక్కించి, గతుకుల్లో తిప్పిస్తుంది. టైరుకి సుద్ద అంటితే ఎక్కడో తగులుతున్నట్టు. బరువు కోసం వెనక సీట్లో నన్నూ, అత్తగారినీ, మా మరదలినీ కుక్కింది. మామగారు స్టీరింగ్ పట్టుకున్నారు. షెడ్డు ముందున్న మొదటి గతుకులోనే రెండువైపులా గర్రుమంది.

దిగి చూస్తే రెండు టైర్లకీ తెల్లటి చార. మా ఆవిడ తన ఇనప టేపు తెచ్చి కింద దూరింది. కొత్త ఇరుసు యాభై అయిదు అంగుళాలు. మూల పడున్న పాతదాన్ని కొలిచింది. యాభై నాలుగు.

"ఆ చీటీ ఏదండీ?"

జేబులోంచి తీసిచ్చాను. యాభై అయిదు అని నా ముత్యాల్లాంటి అక్షరాలతో ఉంది. అప్పుడు వెలిగింది నాకు. టేపు మీద చూసింది యాభై నాలుగే. కానీ గుడ్డకి రాసేటప్పుడు కుట్టుకని అటో అరంగుళం, ఇటో అరంగుళం కలిపి రాయడం నా చేతికి అలవాటు. చెయ్యి దాని పని అది చేసేసింది.

"ఇనప దూలానికి కుట్టు వదిలారా?" అంది మా ఆవిడ.

యార్డు సోమవారం దాకా తియ్యరు. నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మామగారి మొహం చూడలేకపోయాను. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది, ఆయన తిట్టరు.

మా అత్తగారే నోరు విప్పారు. "పోనీలేవే, రేప్పొద్దున ఇరుసు ఒళ్ళు చేస్తే వదులు చేసుకోవచ్చని ఉంచుంటారు అల్లుడుగారు."

ముందు మరదలు కిసుక్కుమంది. తర్వాత మామగారు. ఆఖరికి మా ఆవిడ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నేల మీద కూర్చుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నవ్వేవాళ్ళ మొహాలు చూడలేక, వంగి మడ్‌గార్డు లోపల వేలు పెట్టాను. రేకు చివర లోపలికి వంచి, అరంగుళం అంచు వదిలి ఉంది. టైరు తగిలేది దానికే.

"ఏమే, ఈ అంచు పైకి మడిచేస్తేనో? పంట్లాం కాలు మడిచినట్టు?"

నవ్వు ఆపేసింది. తనూ వచ్చి వేలు పెట్టి తడిమింది. నా వైపు చూసింది. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను అంత ఇష్టంగా చూడలేదు మహాతల్లి.

"మడవచ్చు. కానీ రేకు వేడెక్కకపోతే రంగు పెచ్చులూడుతుంది."

ఇస్త్రీపెట్టె తెచ్చాను. ఖరీదైన సూటుకి వేసినట్టు మధ్యలో గుడ్డ వేసి, జానెడు జానెడు చొప్పున నేను వేడి చేస్తుంటే, వెనకాలే ఆవిడ చెక్క సుత్తితో అంచు పైకి మడుస్తూ వచ్చింది. "గట్టిగా కొట్టకు", "మీరు ముందు కదలండి" అని సాయంత్రం దాకా పోట్లాడుకుంటూనే ఉన్నాం. మళ్ళీ సుద్ద రాసింది, మళ్ళీ మమ్మల్ని కుక్కింది. ఆ గతుకులో అయిదుసార్లు తిప్పించింది. చప్పుడు లేదు. దిగి చూస్తే టైర్లు నల్లగా, శుభ్రంగా ఉన్నాయి. మామగారు కూతురి తల మీద చెయ్యి వేశారు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి బయల్దేరాం. ముందు సీట్లో ఆయన పక్కన మా ఆవిడ, వెనక మేం ముగ్గురం. కారు మెత్తగా సాగింది. మలుపు దగ్గర హారన్ కొట్టాల్సిన పని లేకపోయినా ఆయన కొట్టారు. రోడ్డు పక్కనున్న పాత టాక్సీవాళ్ళు చేతులూపారు. ఇంత సంతోషంగా ఉన్న మనిషిని ఈ మధ్య నేను చూడలేదు.

వంతెన దాటగానే కారు పక్కకి తీసి ఆపారు. ఇంజన్ ఆపలేదు. దిగి, చుట్టూ తిరిగొచ్చి, వెనక తలుపు తీశారు.

"ఏమైంది, కళ్ళు తిరుగుతున్నాయా?" అత్తగారు కంగారు పడ్డారు.

"ఏం లేదు. నలభై ఏళ్ళు దీన్లో ఊరందర్నీ వెనక కూర్చోబెట్టి తిప్పాను. నేనొక్కసారీ కూర్చోలేదు. ఎలా ఉంటుందో చూడాలనుంది. అల్లుడుగారూ, కాస్త జరగండి. అమ్మడూ, ఇంటికి పోనియ్."

"నాన్నా, సాయంత్రం దాకా ఉంది నీ లైసెన్సు."

"ఉంటే ఉండనీ. నాకు చాలు."

మరదలు దిగి ముందుకి మారింది. మా ఆవిడ స్టీరింగ్ ముందుకి జరిగింది. ఆ కారులో ఆవిడ చెయ్యి పడని నట్టు లేదు. లైసెన్సూ ఉంది, నడిపింది మాత్రం షెడ్డు లోపలికీ బయటికీ, అంతే. క్లచ్ ఠక్కున వదిలేసింది, కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

మామగారు సీటుకి జారగిలబడి, కిటికీ అద్దం కిందికి దించుకున్నారు.

"నిదానంగానే పోనియ్యమ్మా, మాకేం తొందర్లేదు" అన్నారు.