తడకకు అంటించిన సమను

సిద్దిపేట కోర్టులో సమన్లు పంచే కాశయ్య ఇరవై ఆరేళ్లు సైకిలు మీద జగదేవ్‌పూర్ దాకా ఊళ్లన్నీ తిరిగాడు. విడాకుల నోటీసు చేతికిస్తే తలకిందులుగా పట్టుకుని చూసే ఆడవాళ్లను చూశాడు. మొదట్లో ఆ పూట అన్నం సయించేది కాదు. తర్వాత్తర్వాత కాగితం, సంతకం, సైకిలు, అంతే.

మనిషి దొరకకపోతే సమను బయటి తలుపుకు అంటించి రావాలని రూలు. ఆ మాటకొస్తే ఎన్నో ఇళ్లకు గడప ఉంటుంది గానీ తలుపుండదు. ఉన్నచోట పగలంతా బార్లా తెరిచే ఉంటుంది, అంటించిన కాగితం గోడవైపు తిరిగి కూర్చుంటుంది. రూలు రాసినవాళ్ల ఇళ్ల సంగతి వేరే కావచ్చు.

ఎనభై ఏడు ఎండాకాలంలో నంగునూరులో బొంతలు కుట్టుకునే గులాబ్‌బీ గుడిసెకు పోయాడు. ఆ జాగ తనదని దామోదర్ అనే ఆసామి దావా వేశాడు. గుడిసెకున్నది తాటాకు తడక. దానికే కాగితం అంటించి, ‘తలుపునకు అంటించితిని’ అని రిపోర్టు రాశాడు. గులాబ్‌బీ వాయిదాకు రాలేదు, ఆమె లేకుండానే డిక్రీ అయింది. గుడిసె పీకడానికి మనుషులు వచ్చిననాడే ఆమెకు సంగతి తెలిసింది. సమను అందలేదు, డిక్రీ రద్దు చేయమని దరఖాస్తు పెట్టుకుంది. సాక్ష్యం చెప్పాల్సింది కాశయ్య.

కోర్టు వరండాలో ఆమె ఎదురైంది.

“ఏం కాశన్నా, మా ఇంటికి తలుపు ఎప్పుడు వెట్టిచ్చినవ్? నాకన్న ఒక్క మాట చెప్పకపోతివి!”

అంతలో బంట్రోతు పిలిస్తే కాశయ్య లోపలికి పోయాడు.

ఆమె వకీలు సామ్యూల్ బోనులో ఉన్న కాశయ్యను అడిగాడు. “ఆ తలుపు టేకుదా, వేపదా?”

“తడక సార్.”

“మరి తలుపని ఎందుకు రాసినవ్?”

“ఫారంల గదే మాట ఉంటది సార్. గుడిసెకూ గదే, దొర గడీకీ గదే.”

హాలంతా గొల్లుమంది. మున్సిఫు నవ్వలేదు. వాకిలిని మూసేది ఏదైనా తలుపే, కట్టె ఏదని రూలు అడగదు అన్నారు. దామోదర్ మొహం వెలిగింది. సామ్యూల్ కూర్చున్నాడు.

అప్పుడు మున్సిఫే అడిగారు. “ఆ తడక లోపలినుంచి మూసి ఉందా, బయటినుంచి కట్టి ఉందా?”

రిపోర్టులో ఆ ముచ్చట లేదు. యాదికి లేదంటే సరిపోయేది. ఇంకో రెండేళ్లలో పింఛను. నిజం చెప్పాలన్న పట్టుదల కాశయ్యకేమీ లేదు, దాచే ఓపికా లేదు.

“బయట తాడుతోని కట్టి ఉండె సార్. గులాబ్‌బీ బిడ్డ ఊరికి కాన్పు చేయనీకి పోయింది, రెండు నెలల దాక రాదని పక్కింటామె చెప్పింది.”

“ఏ ఊరని అడిగావా?”

“అడగలే.”

“ఇంకోసారి వెళ్లావా?”

“పోలే.”

రూలులో తలుపు కన్నా ముందు మనిషిని వెతకమన్న మాట ఉందని, వెతకకుండా ఏ తలుపుకు అంటించినా చెల్లదని మున్సిఫు డిక్రీ కొట్టేశారు.

“అయితే జాగ నాదేనా వకీల్ సాబ్?” అంది గులాబ్‌బీ.

“ఇంకా లేదమ్మా. కేసు మళ్ల మొదటికెల్లి నడుస్తది. అందాక గుడిసెను ఎవలూ ముట్టరు.”

ఆమె కాశయ్య వైపు చూసింది. కొంగు సర్దుకుంది.

వారం తిరక్కుండానే తప్పుడు రిపోర్టుకు సంజాయిషీ అడుగుతూ కాశయ్యకు మెమో వచ్చింది. సమన్ల పంపకం చూసే నాజరు దాన్ని చదివి నెత్తి కొట్టుకున్నాడు.

“యాదికి లేదంటే అయిపోవు గదనే! పింఛను ఆగితే ఏం తింటవ్?”

కాశయ్య మెమో అందుకుని అటూ ఇటూ తిప్పాడు.

“దస్కతు ఏడ పెట్టాలె?” అన్నాడు.