రికార్డు రెండో వైపు

కర్పూరం వాసన తగిలితే ఇప్పటికీ నా కాళ్లు కుదురుగా ఉండవు.

నా చిన్నప్పుడు బిట్రగుంట రైల్వే కాలనీలో మా పక్కింటి రోజీ అక్క గ్రామఫోనులో ఒక గాయని ఎప్పుడూ జోలపాటలా మెల్లగా పాడేది. ఒకరోజు అక్క ఆ రికార్డు తిప్పి, ఎవరూ వినని రెండో వైపు వేసింది. అదే గొంతు, కానీ ఒకటే కేకలు, డప్పుల మోత. పూనకమొస్తే హారతిస్తేనే దిగుతుందని ఇంటికి పరిగెత్తి, కర్పూరం వెలిగించి తెచ్చినాను.

“హారతి ఎవరికే?” అంది అక్క.

“ఆమెకు అమ్మోరు పూనింది, అక్కా!”

“పిచ్చిదానా, అది రాక్ పాట! రా, ఎగురుదాం.”

సిగ్గేసి గుమ్మం దాటలేదు. పావడా కింద కాళ్లు మాత్రం ఆగలేదు. హారతి చేతిలోనే కొండెక్కింది.

రేడియోలో ఇప్పుడూ ఆమె మెల్లని పాటలే వేస్తారు. తలుపేసుకుని, ఆ రెండో పాట ఎప్పుడొస్తుందా అని నేను నిలబడే వింటాను.