మూడో ఆదివారం ప్రకటన

స్టేజి మీద నన్ను చూసినోళ్ళు మొదట అడిగేది ఒక్కటే: "బొట్టేది?" తతిమ్మా మగోళ్ళు ఆడవేషం కడితే రూపాయి బిళ్ళంత బొట్టు, జడ నిండ పూలు, మోచేతుల దాక గాజులు. నేను మాత్రం నీలం అంచు తెల్లచీర, పొడుగు చేతుల జాకెట్, బోసి నుదురు, చంకల గొడుగు, చేతిల రుమాలు. ఏం చెయ్యాలె మరి? నేను ఆడమనిషినైతే మా అమ్మ లెక్కనే అయిత. మా అమ్మ బొట్టు పెట్టదు. ఇంకో ఆడమనిషి నాకు రాదు.

మాది లాలాగూడ. నాన్న రైల్వే వర్క్‌షాపుల ఫిట్టర్. నౌకరీ కోసం గుంటూరు దిక్కు నుంచి వచ్చి ఇక్కడనే ఉండిపోయిండు. అమ్మ బడిల పంతులమ్మ, ఇంక చర్చిల స్త్రీల సమాజానికి పెద్ద. ఇంట్ల గుంటూరు మాట, గల్లీల సికింద్రాబాద్ మాట. నేను బయటి నుంచి వచ్చి "అమ్మా, జెర చాయ్ పొయ్యి" అంటే చాలు, "నీ భాష తగలెయ్య! పంతులమ్మ కొడుకువేనా నువ్వు?" అని తిట్టి మరీ పోసేది.

మా సంఘంల క్రిస్మస్ నాటకానికి ఆడపిల్లలను ఎక్కనిచ్చేటోళ్ళు కాదు. రిహార్సల్స్‌ల పిల్లా పిలగాడు కలిసి కూసుంటే ఏమైతదోనని పెద్దమనుషుల పరేషాన్. అందుకే మరియమ్మ వేషం నాకొచ్చింది. చీర కట్టింది మా అమ్మనే. "కుచ్చిళ్ళు తొక్కకు, దేవదూతొచ్చినప్పుడు బెదురు, మురిసిపోకు" అని నేర్పింది సుత ఆమెనే. నేను బెదిరితే సంఘమంత కండ్లు తుడుచుకునేటోళ్ళు. మీసం రాంగనే నన్ను తీసి యోసేపును చేసిండ్రు. యోసేపుకు ఒక్క డైలాగు ఉండదు. గాడిద తాడు పట్టుకొని నిలబడాలె, అంతే. ఆ యేడు నేను పడ్డ దుఃఖం లెక్కల పరీక్ష తప్పినప్పుడు సుత పడలే.

పెద్దగయినంక సికింద్రాబాద్ స్టేషన్ కాడ ఒక ట్రావెల్స్ ఆఫీసుల టికెట్లు బుక్ చేసే పని దొరికింది. నాకు మగోళ్ళంటేనే మనసని నాకెప్పుడు తెలిసిందని కాలేజీ పిల్లలు ఇప్పటికీ అడుగుతరు. ఎప్పుడు తెల్వకుండెనో అడగుండ్రి, ఆలోచించి చెప్త. తెలుసుడు కాదు తక్లీఫ్, చెప్పుకునేటోళ్ళు లేకుండుడు తక్లీఫ్. అప్పట్ల చట్టమే మమ్మల్ని నేరం చేసినోళ్ళ లెక్క చూసేది.

సైనిక్‌పురిల ఒక దోస్తు ఇంటి మేడ మీద మేం కొంతమందిమి శనివారం సాయంత్రాలు కూడుతుంటిమి. ఒక ఫోను పెట్టినం, గుండె బరువున్నోళ్ళు ఎవరైన చేయొచ్చని. పార్కుల కాడ పోలీసులు మావోళ్ళను పట్టుకుంటే పోయి మాట్లాడుడు, జబ్బుల సంగతి చెప్పుడు, కండోములు పంచుడు, కాలేజీలల్ల రమ్మంటే పోయి ఉపన్యాసమిచ్చుడు. మొదట్ల నేను మస్తు సీరియస్‌గ మాట్లాడేటోణ్ణి. ముందు వరుసోళ్ళు ఆవులిస్తుండె, వెనక వరుసోళ్ళు జారుకుంటుండె. నాకు మండింది. ఒకనాడు అమ్మ బీరువాలకెళ్ళి స్త్రీల సమాజం తెల్లచీర ఒకటి సంచిల పెట్టుకొని పోయిన. ఆ మేడ మీద "సంఘం పెద్దమ్మ" పుట్టింది అట్లనే.

పెద్దమ్మ చర్చిల లెక్కనే ప్రకటనలు చదివేది, అచ్చం గుంటూరు మాటల్ల. "పార్కులో కళ్ళజోడొకటి దొరికిందండీ. ఎవరిదో వచ్చి పట్టుకుపోండి. అదెట్టా జారిందో నేనడగను, మీరు చెప్పొద్దు." ఇగ నవ్వుడే నవ్వుడు. ఆఖరుకు కానుక సంచి పట్టుకొని వరుసల నడుమ తిరిగేది. సంచి నిండ కండోములు. "ఇందులో ఏం వెయ్యక్కర్లేదు నాన్నా, తీసుకోండి. సిగ్గుపడకండి, దేవుడు చూస్తూనే ఉన్నాడు." ఉపన్యాసమిచ్చినప్పుడు సగం సుత ఖర్చు కాని కండోములు పెద్దమ్మ చేతిల చిటికెల అయిపోయేటియి. పేరు పాకింది. బస్తీలు, కాలేజీలు, ఎక్కడికైన "పెద్దమ్మను తీస్కరా" అనేటోళ్ళు. ఇంట్ల మాత్రం అమ్మకు ఒక్క ముక్క తెల్వదు. చీర ఉతికి, ఇస్త్రీ చేసి, యథా ప్రకారం మడత పెట్టేటోణ్ణి.

నాన్న పోయినంక అమ్మకు నా పెళ్ళి ధ్యాస పట్టుకున్నది. కాప్రాల ఒక పిల్ల ఉన్నదని, ఆమె సుత టీచరేనని, చూసొద్దాం పా అని గుంజుకపోయింది. వాళ్ళు మిక్చర్ పెట్టిండ్రు, చాయ్ ఇచ్చిండ్రు. ఆ పిల్ల తల వంచుకోకుండ నన్ను సీదా చూసి "మీకు వంటొచ్చా?" అని అడిగింది. ఆటోల వస్తుంటే అమ్మ అన్నది, "అమ్మాయెట్టా ఉందిరా?"

"మంచిగుంది" అన్న. నిజంగనే మంచిగుండె, అబద్ధమెందుకు చెప్పాలె?

మా ఇండ్లల్ల పిల్ల మంచిగున్నదంటే పెళ్ళికి ఒప్పుకున్నట్టే. ఈ సంగతి నాకు ఆ వచ్చిన ఆదివారం చర్చిల తెలిసింది. మా సంఘంల పెళ్ళికి ముందుగాల మూడు ఆదివారాలు అయ్యగారు, అంటే మా పాస్టరు, పిల్లా పిలగాని పేర్లు చదివి, ఎవరికైన అభ్యంతరముంటే లేచి చెప్పుమంటరు. ఎవరూ చెప్పరు. నేను పుట్టినకాడికెళ్ళి ఒక్కరు సుత చెప్పంగ చూడలే. ఆనాడు ఆయన కళ్ళజోడు సరిచేసుకొని నా పేరు చదివిండు. నా చేతిల పాటల పుస్తకం జారి కాలి మీద పడ్డది. "ఇది మొదటి ప్రకటన" అన్నడు. సంఘమంత నా దిక్కు తిరిగి ఇకిలించుడు. నేను అమ్మ ముఖం చూసిన. నాన్న పోయినంక ఆ ముఖంల అంత సంబురం నేను చూడలే. ఇగ నోరెట్ల తెరుస్త చెప్పుండ్రి?

పిల్లకైతే చెప్పాలె గదా. ఆ వారమే సికింద్రాబాద్‌ల ఒక ఇరానీ హోటల్ ఫ్యామిలీ రూముల కలిసినం. అంతా చెప్పేసిన. ఆమె చాయ్‌ల ముంచిన బిస్కట్ విరిగి లోపల పడ్డది. చెంచతోని తీసుకొని తిన్నది. అప్పుడన్నది: "పెళ్ళికి ముందే చెప్పిండ్రు, దానికి థాంక్స్. కానీ నేను వద్దంటే మా ఇంట్ల నన్ను పీక్క తింటరు, నాల ఏం వంక ఉన్నదోనని బస్తీ మొత్తం వెతుకుతది. మీరే చెప్పాలె. మూడో ప్రకటన అయ్యిందంటే ఇగ నా జిందగీ సుత దీంట్ల ఇరుకుతది."

"చెప్త" అన్న.

"ఎప్పుడు?"

"చెప్త."

ఆమె నన్ను తన స్కూలు పిల్లగాని లెక్క చూసింది. మళ్ళ నవ్వొచ్చింది ఆమెకు. "ఇంతకీ ఆ పెద్దమ్మ వేషం ఒకసారి చూడాలె నేను" అన్నది. వచ్చే వారం శనివారం రమ్మన్న, అడ్రస్ చెప్పిన.

రెండో ప్రకటన సుత అయ్యింది. ఆ సాయంత్రం ధైర్యం చేసి వంటింట్లకు పోయిన. "అమ్మా" అన్న. ఆమె చింతపండు పిసుక్కుంట, తల ఎత్తకుండనే, "ఏరా, పెళ్ళి కేకు ఎన్ని అంతస్తులు చెప్పమంటావ్?" అన్నది. "మూడు" అన్న. నా నోట్ల మన్ను పడ! చెప్పాలనుకున్నదేంది, చెప్పిందేంది.

శనివారమొచ్చింది. తెల్లారితే మూడో ప్రకటన. మేడ మీద కుర్చీలు చాలక జనం గోడలకు ఆనుకున్నరు. నా తలకాయల తిరిగేది అదే గనక ఆనాడు పెద్దమ్మ సుత పెళ్ళి ప్రకటననే చదివింది. "లాలాగూడ వాస్తవ్యుడైన ఒక చక్కని కుర్రవాడికీ, సైనిక్‌పురి వాస్తవ్యుడైన మరొక చక్కని కుర్రవాడికీ పెళ్ళి చేయ నిశ్చయించాం. ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి, తర్వాత బిర్యానీ దగ్గర చెప్తే ఊరుకోను." ఈలలు, చప్పట్లు. "ప్రార్థన చేద్దాం" అని నేను చెయ్యెత్తిన.

వెనక వరుసల ఒకామె కొంగు తల మీదికి లాక్కొని కండ్లు మూసుకున్నది. మా చర్చి ఆడోళ్ళకు ప్రార్థన అన్న మాట చెవిల పడితే చాలు, చెయ్యి దానంతటదే కొంగు మీదికి పోతది. మా అమ్మ! పక్కన కాప్రా టీచరమ్మ. "మీవాడి ప్రోగ్రామున్నది, రాండ్రి అత్తయ్యగారూ" అని ఆటోల ఎక్కించుకొచ్చిందంట, మహాతల్లి.

ప్రార్థన ఎట్ల షురూ చేసిన్నో ఏమో, నడుమల మాటలు ఆగిపోయినయి. అమ్మ కండ్లు తెరిచింది. నా ఒంటి మీద ఆమె చీర, నా నోట్ల ఆమె మాట, ఆమె ముంగట నేను. ఆమేన్ అనుడు సుత మర్చిపోయిన. వెనక వరుసకెళ్ళి అమ్మనే గట్టిగ "ఆమేన్" అన్నది. ప్రార్థనను నడుమల ఇడిసిపెట్టుడు ఆమెతోని కాదు. జనం అదీ నాటకమేననుకొని చప్పట్లు కొట్టిండ్రు.

ఆటోల ఇంటికొచ్చినం. నేను చీరతోనే ఉన్న, మార్చుకునే తెలివెక్కడిది? అమ్మ వంటింట్ల పీట మీద కూసున్నది.

"ఆ అమ్మాయికి తెలుసా?"

"తెలుసమ్మా."

"ఆ మేడ మీద అందరికీ తెలుసు. కన్నదానికి తప్ప ఊరందరికీ చెప్పుకున్నావన్నమాట."

నేను కొంగు కొస ముడేసి విప్పుతున్న. అమ్మ మళ్ళ అడిగింది, "ప్రార్థన చేస్తే పోదంటావా?"

"మస్తు చేసినమ్మా. నీ కంటె ఎక్కువ చేసిన. పోలే. ఇప్పుడు పోవద్దని సుత ఉన్నది."

అమ్మ ఏడ్చింది. నేనూ ఏడ్చిన. భయమైంది నాకు, నిజం చెప్తున్న. నాన్న లేడు, ఈమె సుత నన్ను వద్దంటే నాకెవరున్నరు? కండ్ల కాటుక కారి చెంపల మీదికొచ్చినట్టున్నది, అమ్మ తలెత్తి నన్ను చూసి, ఏడ్పుల నుంచే ఫక్కున నవ్వింది. "మొహం కడుక్కో ఫో. బొగ్గింజనులా ఉన్నావ్."

"రేపు పొద్దుగాలనే అయ్యగారికి చెప్పి ప్రకటన ఆపిస్త" అన్న.

అమ్మ కండ్లు తుడుచుకున్నది. "ముందా చీర విప్పు. రేపు నేను కట్టుకోవాలి" అన్నది.

పొద్దుగాల అందరికన్న ముందుగాల పోయిన. అయ్యగారి చుట్టూ ఎవరో చుట్టాలు. "సర్వీసు అయ్యాక మాట్లాడదాం బాబూ" అని భుజం తట్టి పోయిండు. గంట కొట్టిండ్రు. మా చర్చిల మగోళ్ళు ఎడమ దిక్కు, ఆడోళ్ళు కుడి దిక్కు. నిన్న పెళ్ళయిన జంటైన సరే, నడుమల దారి దాటి కూసోరు. నేను మూడో బెంచిల కూసున్న. పాటైంది, వాక్యమైంది. అయ్యగారు కళ్ళజోడు సరిచేసుకున్నడు. నా పేరు, ఆ పిల్ల పేరు. "అభ్యంతరమున్న యెడల తెలియజేయవలెను. ఇది మూడవది, చివరిదియునైన ప్రకటన."

లేద్దామని ముందు బెంచి పట్టుకున్న.

"నాకుందండీ, అయ్యగారూ."

ఆడోళ్ళ దిక్కుకెళ్ళి వచ్చింది ఆ గొంతు. తెల్లచీరల వరుసల నడుమ మా అమ్మ నిలబడ్డది.

అయ్యగారు ఆగమైండు. "అమ్మా... ఇది మీ అబ్బాయి పెళ్ళేనమ్మా."

"మావాడిదేనండీ. అభ్యంతరముంటే చెప్పమన్నారు గదా, చెప్తున్నాను."

"మరి కారణం..."

"మావాణ్ణి అడక్కుండా నేనే ఖాయం చేసేశాను. వాడు ఆడపిల్లని చేసుకునే మనిషి కాదండీ. ఆ అమ్మాయిలో వంక లేదు." సంఘం దిక్కు తిరిగి మళ్ళ అన్నది, "మావాడిలోనూ ఏ వంకా లేదు."

ఎవరో దగ్గబోయి ఆపుకున్నరు. అమ్మ కూసుంటదనుకున్న. కూసోలే. బైబిలు చేతిల పట్టుకొని వరుసలకెళ్ళి బయటికొచ్చింది, అందరు చూస్తుండంగనే నడుమల దారి దాటింది, మగోళ్ళ దిక్కు మూడో బెంచి కాడికొచ్చి నా పక్కన నిలబడ్డది.

"కాస్త జరగరా" అన్నది.

నేను జరిగిన. నా పక్కన పెద్దాయన నన్ను చూసిండు, అమ్మను చూసిండు, ఆయన సుత జరిగిండు. ఆయన పక్కనోడు జరిగిండు. ఒకరెన్క ఒకరు బెంచి మొత్తం జరిగింది.