తాళం సిస్టర్ పేరు మీద పదకొండుసార్లు

ఆసుపత్రిలో ఆమెను అందరూ తాళం సిస్టర్ అనేవారు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఒక రోగి సంగతి ఇంకొకరి చెవిన వేసిన పాపాన పోలేదు. "మా ఆవిడకి ఏదైనా చెప్పడమంటే బావిలో రాయి వెయ్యడమే," అని భర్త నలుగురిలో అంటే, "బావిలో వేస్తే బుడుంగుమనైనా అంటుంది అన్నయ్యా, వదిన దగ్గర అదీ లేదు," అనేది ఆడపడుచు. సిస్టర్ నవ్వి ఊరుకునేది. ఆమెకు గర్వమంటూ ఏదైనా ఉంటే అదొక్కటే.

టైలరమ్మ ఆమెను నమ్మింది అందుకే. టైలరమ్మకు మూర్ఛ. మాత్రలు వేసుకున్నన్నాళ్లు రాదు, ఆపితే వస్తుంది. పెళ్లికి ముందు నుంచీ ఉన్న ఆ జబ్బు సంగతి అత్తింట్లో ఎవరికీ తెలియదు, కట్టుకున్నవాడికి కూడా. నెలకో బుధవారం దారాలు కొనుక్కొస్తానని బయలుదేరి, ఆసుపత్రిలో మాత్రలు తీసుకుని, గుండీల డబ్బా అడుగున దాచుకుని వెళ్లిపోయేది. మొదటిసారి వచ్చినప్పుడు సిస్టర్ చెయ్యి పట్టుకుంది.

"మా అత్తగారికి తెలిస్తే ఇక మిషను మీద కూర్చోనివ్వరు సిస్టర్. నా బతుకు దాని మీదే ఉంది."

"నా నోట రాదమ్మా," అంది సిస్టర్.

ఆరేళ్లు గడిచాయి. ఒక బుధవారం టైలరమ్మ రాలేదు. తర్వాతి బుధవారానికి ఆమె భర్త వచ్చాడు. మేట్రన్ గదిలో నిలబడి, కేకలేమీ వేయకుండా, ఒక్కటే అడిగాడట: "నాకే తెలియని సంగతి మా వీధివాళ్లకి ఎలా తెలిసిందండీ?" ఇంట్లో మిషను మీద గుడ్డ కప్పేశారని, ఆమెను పొయ్యి దగ్గరికి కూడా రానివ్వడం లేదని ఆ వీధిలోనే ఉండే ఆయా చెప్పింది. నెల మాత్రలు అయిపోయినా చేతిలో ఎప్పుడూ పదిరోజులవి మిగిలి ఉండేలా ఇచ్చేవారు. వాటిలో ఇప్పటికే ఏడు రోజులు గడిచిపోయాయని సిస్టర్ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఇక మూడు రోజులు.

ఆ మధ్యాహ్నమే మేట్రన్ ఆమెను కంప్యూటర్ గదికి పిలిచింది. గది నిండా తెల్లటి ఎండ. కంప్యూటర్లు చూసే ఆయన తెరను ఆమె వైపు తిప్పాడు.

"ఈ ఏడాది టైలరమ్మ రాని రోజుల్లో ఆమె ఫైలు పదకొండుసార్లు తెరిచారు. పదకొండూ మీరే సిస్టర్."

తెర మీద ఆమె పేరు ఒకదాని కింద ఒకటి వరుసగా ఉంది. పక్కన తేదీ, వేళ. ఫైలు ఎందుకు తెరిచారో రాయవలసిన గడిలో ప్రతిసారీ ఒక్క చుక్క. ఆమె తేదీలు చదువుకుంటూ పోయింది. ఒకటి ఆమె సెలవు పెట్టిన రోజు. ఇంకొకటి, పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్న గంట. ఆ గంటలో ఆమె ఇక్కడ కూడా ఉంది. ఫైలు తెరిచి, నాలుగు నిమిషాలు చదివి, మూసింది.

"అప్పుడు నేను లేను," అంది.

"అది సరే, ఇప్పుడు?" అని ఆయన తెర మూలన వేలు పెట్టాడు. ఆమె పేరు పక్కన పచ్చటి చుక్క వెలుగుతోంది. "ఈ నిమిషాన మీరు వార్డులో కూర్చుని పనిచేస్తున్నారు."

ఆమె లేచి వార్డుకు నడిచింది. తనను తాను చూడటానికి వెళుతున్నట్టుంది. వార్డులో రోగులు కునుకు తీస్తున్నారు. కంప్యూటర్ ముందు కుర్చీ ఖాళీగా ఉంది, కానీ ఇంకా కొద్దికొద్దిగా తిరుగుతోంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. తెర మీద పైన ఆమె పేరు.

ఆమె కీబోర్డు ఎత్తి చూసింది. అడుగున తెల్లటి ప్లాస్టర్ ముక్క, దాని మీద తన గుండ్రటి అక్షరాలతో తన పాస్‌వర్డ్.

దాన్ని అక్కడ అంటించింది తానే. ఐదు నిమిషాలు ముట్టుకోకపోతే తెర మూసుకుపోతుంది. ఐదుగురు నర్సులకు ఒకటే కంప్యూటర్. పొద్దున్నే ఒక్కరు తెరిస్తే అందరి పనీ నడుస్తుంది. నర్సులందరిలో పెద్దది కాబట్టి ఆమె పేరుతోనే నడిచింది, ఏళ్లకేళ్లు. నోటికి తాళం వేసుకున్న మనిషి తాళంచెవిని గడప మీదే వదిలేసింది.

నర్సులను ఒక్కొక్కరినే పక్కకు పిలిచి అడిగింది. ఎవరూ అబద్ధమాడలేదు. ఒకామె రెండుసార్లు చూసిందట, ఇంకొకామె మూడుసార్లు. పెళ్లై ఇన్నేళ్లైనా టైలరమ్మకు పిల్లలెందుకు లేరోనని ఒకరు, అంత గుట్టుగా వచ్చిపోతుందే ఏమిటోనని ఒకరు. "ఎందుకు చూశావమ్మా?" అంటే అందరిదీ ఒకటే మాట. "ఊరికే అక్కా." బయట ఎవరికీ చెప్పలేదని ఒట్టు పెట్టుకున్నారు. ఆమె నమ్మింది.

లెక్క పదికి వచ్చి ఆగింది. పదకొండోది ఒక మంగళవారం, పదకొండున్నరకు. ఆ రోజు మిగతావాళ్లందరూ పై అంతస్తులో శిక్షణలో ఉన్నారు. వార్డులో ఉన్నది తానొక్కతే.

ఆ మంగళవారాన్ని ఎంత తవ్వినా ఏమీ తగల్లేదు. ఎవరో తన ఒంట్లో దూరి ఆ పని చేసి పోయినట్టుంది. ఇంటికి వెళ్లి పెరట్లో ఉతికిన యూనిఫాం ఆరేస్తోంది. తీగ మీద అది చేతులు చాపి గాలికి ఊగింది, లోపల మనిషి లేకుండా. అప్పుడు గుర్తొచ్చింది.

ఆ పొద్దున అక్క ఫోను చేసింది. కూతురిని టైలరమ్మ దగ్గర కుట్టుపనికి పంపనా అని అడిగింది. సిస్టర్ ఫైలు తెరిచి, ఆఖరుసారి మూర్ఛ ఎప్పుడొచ్చిందో చూసి, మూసేసి, "వద్దులే అక్కా, ఇంకొకరిని చూడు," అంది. అంతే. ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడలేదు.

వెంటనే అక్కకు ఫోను చేసింది.

"నువ్వేం చెప్పలేదే," అంది అక్క. "కానీ నోరు విప్పని దానివి వద్దన్నావంటే ఏదో ఉందిగా. ఆవిడకి ఏమైనా జబ్బా అని వాళ్ల వీధి అరుగు మీద నలుగురి ముందూ వాళ్లత్తగారినే అడిగా. ఆవిడ తెల్లబోయింది."

ఆ పైన జరిగింది ఊహించుకోవచ్చు. అత్తగారు ఇల్లంతా వెతికి ఉంటుంది. గుండీల డబ్బా దొరికి ఉంటుంది.

మర్నాడు మేట్రన్ కాగితం ముందు పెట్టింది. నువ్వు లేనప్పుడు నీ పేరు ఎవరో వాడుకున్నారని రాసిచ్చేయ్, నీ మాట ఎవరు కాదంటారు, అంది. సిస్టర్ రాసింది. పదిసార్లు నా పేరు వాడుకోనిచ్చాను, పదకొండోసారి నేనే, బయటికి పొక్కింది నా వల్లనే. మేట్రన్ చదివి, కింద తన సంతకం పెట్టింది.

ప్లాస్టర్ పీకేస్తే జిగురు మిగిలింది. ఆ చోట దుమ్ము అంటుకుని దాని ఆకారం అలాగే నిలిచింది. కొత్త పాస్‌వర్డుతో సిస్టర్ పన్నెండోసారి ఫైలు తెరిచింది, ఫోను నంబరు కోసం. కారణం గడిలో చుక్క పెట్టలేదు. "మాత్రలు అయిపోతున్నాయి. పిలవాలి," అని రాసింది.

ఫోను టైలరమ్మే ఎత్తింది. వెనక మిషను చప్పుడు లేదు. సిస్టర్ తానెవరో చెప్పి, జరిగినదంతా దాచకుండా చెప్పింది.

టైలరమ్మ అడిగింది. "మీరెందుకు చూశారు?"

ఊరికే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. సిస్టర్ దాన్ని మింగేసింది. "మా అక్క కూతుర్ని మీ దగ్గర పనికి పంపొచ్చా అని."

"వద్దన్నారా?"

"వద్దన్నాను."

"రేపు వస్తాను. మాత్రల దగ్గర మీరుండకూడదు. నా కాగితాలు మీరు ముట్టుకోకూడదు," అంది టైలరమ్మ.

మర్నాడు సిస్టర్ పై అంతస్తులో పని అడిగి వేయించుకుంది. పదకొండు గంటల ఎండలో గేటులోంచి టైలరమ్మ రావడం కిటికీలో కనిపించింది. వెనక నాలుగడుగుల దూరంలో భర్త. గుండీల డబ్బా ఆమె చేతిలోనే ఉంది. ఇద్దరూ కింద తలుపులోకి వెళ్లి కనిపించకుండా పోయారు.

మాత్రలు తీసుకుందో లేదో. కిటికీ పక్కనే ఉన్న కంప్యూటర్లో ఒక్క నొక్కు నొక్కితే తెలుస్తుంది. సిస్టర్ కిందికి చూస్తే, తన కుడిచెయ్యి అప్పటికే మౌస్ మీద ఉంది. ఎప్పుడు వెళ్లిందో ఆమెకు తెలియదు. పరాయి చేతిని చూసినట్టు దాన్ని కాసేపు చూసింది. తర్వాత ఎడమచేత్తో పట్టుకుని, తీసి, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.