రెండో సంతకం

సూర్యాపేటలో టీవీలు బాగుచేసే లింగమూర్తి బక్కపలచని మనిషి. మెడ ఎప్పుడూ కాస్త వంగి ఉంటుంది. నెలకొకసారి పాత క్యాసెట్లను మెత్తని గుడ్డతో తుడిచి, చివరిదాకా తిప్పి, మళ్లీ డబ్బాలో సర్దుతాడు. టీవీకి తగిలించి వాడే ఆనాటి ఇంటి కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసే సాధనం వాటిలో ఉంది. 1987లో అతడూ జగదీశూ కలిసి చిన్న కంపెనీ పెట్టి దాన్ని తయారుచేశారు. ఇకపై దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చునని పత్రం రాసి, తన సంతకం పెట్టి, 2009 వేసవిలో రెండో సంతకం కోసం మిర్యాలగూడలోని జగదీశ్ రైసుమిల్లుకు వెళ్లాడు. తనకు చెప్పకుండా ఆ కంపెనీని మూసేశాడన్న పాత కక్షతో జగదీశ్ అతని మూతి పగలగొట్టాడు. కిందపడ్డాక డొక్కలో తన్నాడు. లింగమూర్తి రెండు చేతులతో పత్రాన్ని పైకెత్తి పట్టుకున్నాడే గాని దెబ్బకు చేయి అడ్డం పెట్టలేదు.

"అందరు దొంగగ కాపీ కొట్టుకుంటున్నరు గదరా! నా దస్కత్ ఎందుకు నీకు?" అని జగదీశ్ అరిచాడు.

"గందుకే అన్నా. సగం నీది. నువ్వియ్యకుంటే నేను గూడ దొంగనే అయిత."

జగదీశ్ రొప్పుతూ పత్రం లాక్కొని సంతకం గీకాడు. వంగి చూస్తున్న లింగమూర్తి పెదవి నుంచి నెత్తురు బొట్టు దానిమీద పడింది. అతడు జేబులోంచి మరో ప్రతి తీశాడు.

"పేరు కనిపిస్తలేదు. జర ఇంకోటి పెట్టన్నా."