పెనుకొండలో ఎత్తిన చెయ్యి

ధర్మవరం నుంచి హిందూపురం పోయే బస్సులో నాది కిటికీ పక్క సీటు. నా పక్కన ఒక నేతపని ఆమె, మగ్గం మీద నుంచి అప్పుడే కోసిన పెళ్లిచీరను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మర్నాడు తెల్లవారుజామునే హిందూపురంలో ముహూర్తమట.

పెనుకొండలో కండక్టర్ "బస్సు ఈడికే, దిగండి" అన్నాడు. ఇంకో బస్సు ఎప్పుడొస్తుందో ఆయనకే తెలియదు. ఒకాయన మోకాళ్ల నొప్పి చెప్పాడు, ఇంకొకాయన మామగారి కోపం చెప్పాడు. కండక్టర్ దగ్గర ఒక్కొక్కరికి ఒక్కో జవాబు ఉంది. నాకు మాత్రం దిగి బజ్జీలు తినాలని ఉంది. కానీ ఆమెను దాటడం పెనుకొండ కోటను జయించినంత పని.

ఆమె లేచింది. "ఈ బస్సు ప్రయాణికులమైన మేము హిందూపురం పోవాలని తీర్మానించుకున్నాం. దిగేది లేదప్పా."

"మేమంటే ఎవురెవురక్కా?"

ఆమె నా చెయ్యి పట్టి పైకెత్తింది. వెనకాల చేతులన్నీ లేచాయి.

"నన్ను అడగనేలేదు కదమ్మా" అని గొణిగాను.

"రాజ్యాంగం రాసినోళ్లు నిన్ను అడిగినారా? 'భారత ప్రజలమైన మేము' అని మా పాప బడిలో దినామూ చదువుతాది. ముందే 'మేము' అనేస్తే, కాదనేటోడు ఒంటరోడు అయితాడు. ఉంటావా అన్నా, ఒంటరిగా?"

ఉండలేకపోయాను. ఎండకు కాలి దోసె పోసుకోదగ్గ ఆ బస్సు పైరేకు కింద, ఒక ప్రభుత్వం పదవీకాలమంతసేపు మేమంతా ఉడికాక, కండక్టర్ "రైట్ రైట్" అన్నాడు, అదే బస్సు హిందూపురం వైపు కదిలింది.

ఇప్పటికీ ఎక్కడైనా రాజ్యాంగ పీఠిక చదువుతుంటే, మొదటి మాటకే నా కుడిచెయ్యి లేస్తుంది. బజ్జీలు గుర్తొచ్చినా దించబుద్ధి కాదు.